చమురు బావికి ఆమ్ల చికిత్స

నాపరాయి అరుగు మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది. పులుపు సున్నపురాయిని తినేస్తుంది. చమురు బావుల్లో ఆమ్ల చికిత్సకు ఆధారం ఇదే.

1974లో బయటపడిన ముంబయి హై చమురు ప్రధానంగా సముద్రగర్భంలోని సున్నపురాతి పొరల్లో ఉంది. బావి తవ్వేటప్పుడు వాడే బురద చేరి ఇటువంటి రాతి రంధ్రాలు పూడుకుపోతాయి. అప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సాధారణంగా 15 శాతం గాఢతతో, లోపలికి పంపుతారు. రాయి కరిగి సన్నని దారులు పడతాయి. చమురు సులువుగా బావిలోకి వస్తుంది. ఇనుప గొట్టాలు దెబ్బతినకుండా ఆమ్లంలో మరో మందు కలుపుతారు. అమెరికాలోని మిచిగాన్‌లో 1932లో ఈ పద్ధతి ఫలించింది.

అయితే ఆమ్లం కొత్త చమురును పుట్టించదు, దారి తెరుస్తుందంతే. ఆ దారి నీటి పొరకు తగిలితే చమురుకు బదులు నీరే వస్తుంది.

మన కృష్ణా-గోదావరి ప్రాంతంలో చమురు, గ్యాస్ ఎక్కువగా ఇసుకరాతి పొరల్లో ఉన్నాయి. ఇసుకను కరిగించాలంటే మరింత ప్రమాదకరమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలపాలి. ముడి చమురులో 80 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి పాత బావి కూడా విలువైనదే. కాని బావి గొట్టం చుట్టూ సిమెంటు గట్టిగా ఉందా, తిరిగివచ్చిన ఆమ్లాన్ని శుద్ధి చేస్తున్నారా అని ఊరివారు అడగడం న్యాయం.