ఇల్లు కొనేవారి తరఫున కాగితాలు చూసేదెవరు?
బేరం కుదిర్చినవారి మాటే నమ్మితే కొనేవారికే నష్టం

గుంటూరు: పిల్లల చదువులకని, పెద్దల వైద్యానికని పల్లెల నుంచి వచ్చి పట్టణంలో ఇల్లు కొనేవారు మన జిల్లాలో ఎక్కువే. మిర్చి అమ్మగా మిగిలింది కొంత, అరెకరం తెగనమ్మింది కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి తెచ్చిన సొమ్ము రిజిస్ట్రేషన్ నాడు ఒక్క పూటలో చేతులు మారుతుంది. చాలా రైతు కుటుంబాలు జీవితంలో ఒక్కసారే చేసే బేరమిది. అంతటి బేరంలో కొనేవారి పక్షాన నిలబడి కాగితాలు పరీక్షించే మనిషి తరచు ఉండడం లేదు.

జరిగే తీరు అందరికీ తెలిసిందే. బేరం కుదిర్చిన మధ్యవర్తే ప్లీడరును చూపిస్తాడు. ఆ ప్లీడరు అమ్మేవారికి పాత పరిచయస్థుడై ఉంటాడు. దస్తావేజు రాసేది కూడా వారికి అలవాటైన లేఖరే. ఫీజులు మాత్రం కొనేవారు చెల్లిస్తారు. 'అంతా చూశాం, కాగితాలు క్లియర్' అన్న మాట నమ్మి బయానా ఇచ్చేస్తారు. ఆ మాట చెప్పినవారు ఎవరి మేలు కోరి చెప్పారన్నది తగాదా వచ్చినప్పుడు గానీ గుర్తుకు రాదు.

ఒక మనిషి, రెండు పక్షాలు

అలా రెండు పక్షాలకూ పనిచేసే ప్రతివాడూ మోసగాడని అనడం అన్యాయం. చిన్న పట్టణంలో పేరున్న ప్లీడర్లు, లేఖరులు కొద్దిమందే ఉంటారు. ఇద్దరికీ ఒకరే తెలిసి ఉండడం సహజం. మధ్యవర్తి రెండువైపులా కమీషను పుచ్చుకోవడం కూడా చాలాచోట్ల వాడుకలో ఉన్నదే. అయితే వారి రాబడి ఎప్పుడు వస్తుందన్నది గమనించాలి. బేరం పూర్తయితేనే మధ్యవర్తికి కమీషను. రిజిస్ట్రేషన్ జరిగితేనే లేఖరికి రాత కూలి. ఆ మధ్యవర్తి పంపే పని మీద ఆధారపడిన ప్లీడరు 'ఈ ఇల్లు కొనవద్దు' అని ఒకసారి చెబితే మరోసారి తన గుమ్మం ముందుకు మనిషి రాడు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. పెళ్లిళ్ల పేరయ్యకు సంబంధం కుదరడమే ముఖ్యం. అందుకే ఆడపిల్ల తండ్రి పేరయ్య మాటతో సరిపెట్టుకోడు. తన బావమరిదినో, తమ్ముణ్నో పంపి అవతలి ఊళ్లో వాకబు చేయిస్తాడు. సంబంధానికి తీసుకునే ఆ పాటి జాగ్రత్త ఇంటి బేరంలో కానరాకపోవడం విచిత్రం.

అక్కడే లోపం దాగుతుంది

ఒక ఉదాహరణ అనుకుందాం. తండ్రి స్వార్జితంతో కట్టిన ఇల్లు. వీలునామా రాయకుండా ఆయన పోయాడు, తల్లి అంతకు ముందే పోయింది. ఇద్దరు కొడుకులు ఆ ఇంటిని అమ్మకానికి పెట్టారు. వారికి ఒక చెల్లెలు ఉంది, పెళ్లై దూరాన ఉంటోంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమెకు అన్నలతో సమానంగా మూడో వంతు హక్కుంది. పిత్రార్జితమైతే కూతుళ్లకు వాటా లేదనుకోవడమూ పొరపాటే. మన రాష్ట్రం 1986లో చేసిన సవరణతోనూ, 2005లో కేంద్రం చేసిన సవరణతోనూ ఆ ఆస్తిలో కూడా కూతుళ్లకు హక్కు వచ్చింది.

ఆ అన్నల వ్యవహారాలు ఏళ్ల తరబడి చూస్తున్న ప్లీడరుకు చెల్లెలి సంగతి తెలుసు. ఆయన వద్దకే కొనే రైతును తీసుకువెళ్లారు. నోరు విప్పితే పాత కక్షిదారుకు ద్రోహం చేసినట్టు, విప్పకపోతే కొత్త కక్షిదారుకు ద్రోహం చేసినట్టు. ఈ ఇరకాటంలో పడ్డ మనిషి చాలాసార్లు మౌనంగా ఉండిపోతాడు. మూడేళ్ల తర్వాత చెల్లెలు వాటాకు దావా వేస్తే కోర్టు చుట్టూ తిరగాల్సింది కొన్న రైతు. ఆమె అడిగేది ఆమె న్యాయమైన హక్కు. ఆమె మీద కోపగించుకుని ప్రయోజనం లేదు.

ఇలాంటి లోపం ఈసీలో కనబడదు. ఈసీలో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. వారసుల హక్కులు, రిజిస్టరు కాని వీలునామాలు, నోటిమాట పంపకాలు అందులోకి ఎక్కవు. కాగితాలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు కూడా అన్ని వేళలా అందులో కనిపించదు. అవి మనుషులకు తెలిసే సంగతులు. ఆ తెలిసిన మనిషి ఎవరి పక్షాన ఉన్నాడన్న దానికి ఇంత ప్రాముఖ్యం అందుకే.

మీ మనిషికి తెలిస్తే మీకు తెలిసినట్టే

ఇక్కడ చట్టంలోని ఒక మెలిక చాలామందికి తెలియదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షను ప్రకారం, మీ తరఫున పనిచేస్తున్న ఏజెంటుకు ఆ పనిలో ఒక ముఖ్య సంగతి తెలిస్తే అది మీకూ తెలిసినట్టే లెక్క. అదే చట్టం 55వ సెక్షను, హక్కులో ఉన్న లోపాన్ని అమ్మేవారు కొనేవారికి చెప్పి తీరాలంటోంది. కానీ మీ ప్లీడరుకు ఆ లోపం ముందే తెలుసని తేలితే, తెలియక కొన్నానన్న మీ వాదనకు బలం తగ్గుతుంది. ఏజెంటు మోసపూరితంగా దాచి, ఆ మోసంలో ఎదుటిపక్షానికీ భాగం ఉంటే మినహాయింపు ఉంది. అయితే ఆ మోసాన్ని రుజువు చేయాల్సిన భారం కొన్నవారి నెత్తినే పడుతుంది.

మధ్యవర్తుల సంగతి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఉంది. మీ ఏజెంటు మీకు చెప్పకుండా ఆ వ్యవహారంలో తన సొంత బేరం చేసుకుంటే, ముఖ్యమైన సంగతి దాచినా, మీకు నష్టం కలిగించినా ఆ లావాదేవీని మీరు కాదనవచ్చని 215వ సెక్షను చెబుతోంది. 216వ సెక్షనులో ఇచ్చిన ఉదాహరణ ఇంటి గురించే. ఫలానా ఇల్లు కొనిపెట్టమంటే, అది దొరకదని చెప్పి ఏజెంటు తానే కొనుక్కుంటే, కొన్న ధరకే దాన్ని అప్పగించమని అడిగే హక్కు యజమానికి ఉంటుంది.

న్యాయవాదులకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఉన్నాయి. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా చెప్పినవారు ఎదుటిపక్షానికి పనిచేయరాదు. పని ఒప్పుకునేటప్పుడే పక్షాలతో తమకున్న సంబంధాన్ని, వ్యవహారంలో తమకున్న ప్రయోజనాన్ని దాచకుండా కక్షిదారుకు చెప్పాలి. కాబట్టి ఆ సంగతి అడగడం అవమానించడం కాదు. చెప్పడం వారి విధి.

'బ్యాంకు చూసింది కదా!'

ఇల్లు కొనేవారు చెప్పుకునే పెద్ద ధైర్యం ఇది. బ్యాంకు ప్యానెల్ ప్లీడరు అభిప్రాయం ఇస్తారు, విలువ కట్టే ఇంజనీరు నివేదిక ఇస్తారు. ఆ ఖర్చు సాధారణంగా అప్పు తీసుకునేవారే భరిస్తారు. కానీ ఆ నివేదికలు తయారయ్యేది బ్యాంకు కోసం. ఇచ్చిన అప్పు వసూలవుతుందా అన్నది బ్యాంకు చూసుకునే సంగతి. మీరు ఇచ్చిన ధర ఎక్కువా తక్కువా అన్నది దాని తలనొప్పి కాదు. ఇల్లు వివాదంలో పడినా వాయిదాలు కట్టాల్సింది మీరే.

హైదరాబాదులో ఒక బ్యాంకు శాఖ 22 మందికి ఇచ్చిన గృహ రుణాల్లో అక్రమాలు జరిగాయని 2005లో సీబీఐ కేసు పెట్టింది. అభిప్రాయం ఇచ్చిన ప్యానెల్ న్యాయవాదిని కూడా నిందితుల్లో చేర్చింది. ఆయనపై కేసును హైకోర్టు కొట్టివేసింది. 2012 సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. కుట్రలో పాలుపంచుకున్నట్టు ఆధారం లేనిదే, అభిప్రాయం సరిగా లేదన్నంత మాత్రాన న్యాయవాదిని నేర విచారణకు గురిచేయరాదని చెప్పింది. నిర్లక్ష్యమో, వృత్తి దుష్ప్రవర్తనో రుజువైతే ఆ మేరకు బాధ్యత ఉంటుందని కూడా చెప్పింది. తీర్పు న్యాయమైనదే. కొనేవారికి మాత్రం అందులో ఒక హెచ్చరిక ఉంది. తప్పు అభిప్రాయం ఇచ్చారని ఫిర్యాదు చేసినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగి రాదు.

'రిజిస్ట్రేషన్ అయింది కదా' అన్న ధైర్యమూ అలాంటిదే. అమ్మేవారికి నిజంగా హక్కు ఉందా లేదా తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదు. తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో 2025 ఏప్రిల్ 7న సుప్రీంకోర్టు ఈ మాటే మరోసారి స్పష్టం చేసింది.

మొహమాటమే అసలు అడ్డంకి

మధ్యవర్తి తరచు మన ఊరివాడో, దూరపు చుట్టమో అయి ఉంటాడు. అడిగితే నొచ్చుకుంటాడేమోనని ఊరుకుంటారు. అడిగే పద్ధతిలో అడిగితే ఎవరూ నొచ్చుకోరు. 'బాబాయ్, నువ్వు అవతలివాళ్ల దగ్గర కూడా కమీషను తీసుకుంటున్నావా? ఎంతో చెప్పు, ఏమీ అనుకోను' అనవచ్చు. 'ప్లీడరుగారూ, అమ్మేవాళ్లకు మీరెప్పుడైనా పని చేశారా?' అని అడగవచ్చు. సూటిగా జవాబు చెప్పినవారితో ముందుకు వెళ్లవచ్చు. దాటవేస్తే ఆ బయానా రెండు రోజులు ఆపడం మేలు.

రాయడం వేరు, పరీక్షించడం వేరు. దస్తావేజు ఇద్దరికీ ఒకే లేఖరి రాసినా ఫరవాలేదు. పరీక్షించేవారు మాత్రం కొనేవారి మనిషే కావాలి. ఇల్లు గుంటూరులో ఉంటే తెనాలిలోనో, పొన్నూరులోనో తెలిసిన ప్లీడరుకు కాగితాలు చూపవచ్చు. బేరం కుదిరినా కుదరకపోయినా ఫీజు ఒకటేనని ముందే మాట్లాడుకోవాలి. అప్పుడే 'వద్దు' అని చెప్పడానికి ఆయనకు నోరు వస్తుంది. అభిప్రాయం నోటిమాటగా కాక, సంతకంతో కాగితం మీద తీసుకోవాలి. ఆ ఫీజు ఇంటి ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు.

కొన్ని పనులు ఎవరిమీదా ఆధారపడకుండా చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్లను ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. మధ్యవర్తి ఇచ్చిన జిరాక్సు మీద ఆధారపడనక్కరలేదు. ఆ సర్వే నంబరు నిషేధిత ఆస్తుల జాబితాలో ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో అడగాలి. యజమాని చనిపోయి ఉంటే మరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం చూసి, అందులోని ప్రతి ఒక్కరూ సంతకం పెడుతున్నారా అని సరిచూడాలి. ఇరుగుపొరుగును విచారించడం అన్నిటికన్నా చవకైన పరీక్ష.

జరిగిపోయిన తర్వాత

న్యాయవాది రెండు పక్షాలకూ పనిచేసి నష్టం కలిగించారని తెలిస్తే రాష్ట్ర బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చు. 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షను కింద మందలింపు నుంచి పేరు తొలగింపు దాకా శిక్షలున్నాయి. వినియోగదారుల కోర్టుకు వెళ్లే దారి మాత్రం లేదు. న్యాయవాదుల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెరాలో నమోదైన అపార్ట్‌మెంట్లు, లేఅవుట్ల విషయంలో ఏజెంటు మీద రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. వాటిలో అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి బయానా తీసుకోకూడదు.

ఈ దారులన్నీ ఉన్నా, అన్నీ ఏళ్లు పట్టేవే. బయానా ఇవ్వకముందు ఒక ప్రశ్న అడగడానికి అయిదు నిమిషాలు చాలు. ఈ సీజనులో పంట సొమ్ము చేతికి వచ్చి ఇల్లు చూస్తున్నవారు కమీషను ఎవరెవరు ఇస్తున్నారు, ప్లీడరు ఎవరి మనిషి అన్న రెండు సంగతులు తేల్చుకున్నాకే నోట్ల కట్ట విప్పడం మంచిది.