సెలవు రోజుల్లో సీతాఫలాల సహాయ విక్రయంపై ఉమ్మడి సభ తీర్మానం

అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ, అనంతగిరి మండలాల్లోని పలు గ్రామాల యువజన సంఘాలు, మహిళా స్వయం సహాయక సంఘాలు కలిసి జరిపిన సభలో చర్చించి ఆమోదించినది.

విషయం: దసరా సెలవులు మొదలు కార్తీక మాసాంతం వరకు పర్యాటకులకు సీతాఫలాలు అమ్మి, మిగులును రోగుల సహాయానికి వినియోగించుట.

సభ గమనించిన అంశాలు

దసరా, కార్తీకాల్లో మన్యం ఇళ్లకు నగదు తెచ్చే పంట సీతాఫలం. ఆ రోజుల్లోనే సెలవులకు వచ్చే జనంతో బొర్రా గుహల దారి, గాలికొండ, అరకు రైల్వే స్టేషన్ కిటకిటలాడతాయి.

సీతాఫలం నిల్వకు ఆగే సరుకు కాదు. కళ్లు విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లబారిన కాయ కోసిన మూడు నాలుగు రోజుల్లోనే మెత్తబడుతుంది. తెల్లవారుజామున కావిడి భుజాన వేసుకుని దిగిన రైతు, అమ్ముడుపోని కాయలను సాయంత్రం మళ్లీ కొండ ఎక్కించలేడు. పొద్దు వాలేదాకా ఆగే వ్యాపారి చెప్పిన ధరకే కావిడి మొత్తం ఇచ్చేసి పోవలసి వస్తోంది.

సికిల్ సెల్ రక్తహీనత మన గూడేల్లో ఉంది. దాని నిర్మూలనకు కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది. అయినా నొప్పులు తిరగబెట్టినా, కాన్పు కష్టమైనా అరకులోయ నుంచి 110 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి చేరవలసి వస్తోంది. దారిలేని గూడేలకు రోడ్డు దాకా డోలీయే దిక్కు. సర్కారు వైద్యం ఉచితమైనా, తోడు వెళ్లినవారి తిండి, తిరుగు ప్రయాణం, పోయిన కూలి ఆ ఇంటి మీదే పడుతున్నాయి.

ఈ ఖర్చులకు పండ్ల అమ్మకంతో నిధి కూడబెట్టవచ్చు. అమెరికాలో పలుచోట్ల లయన్స్ క్లబ్బులనే సేవా సంఘాలు క్రిస్మస్ ముందు నారింజ పెట్టెలు తెప్పించి అమ్మి, మిగులును సేవాకార్యాలకు వాడుతున్నాయి. పండు పండే చోటనే ఉన్న మనకు ఆ పని మరింత సులువు. పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పీసా చట్టం గ్రామ సంతల నిర్వహణను పంచాయతీలకు, గ్రామసభకు అప్పగించింది కూడా.

అయితే సేవ పేరుతో రైతు ధర తగ్గిస్తే, ఒక పేద ఇంటి కూడు తీసి మరో పేద ఇంటికి పెట్టినట్టే అవుతుంది. సాయానికి వెళ్లే సొమ్ము దళారి వాటా నుంచి రావాలి తప్ప రైతు వాటా నుంచి కాదు.

కావున ఈ సభ ఏకగ్రీవంగా తీర్మానించినది ఏమనగా:

1. సంఘాలు దుకాణం పెట్టి అమ్మే సీతాఫలాలకు ఆ వారం సంతలో ఉదయం పలికిన ధరకు తగ్గకుండా, కాయలు దించిన వెంటనే రైతు చేతికి నగదు చెల్లించాలి. అరువు, తరుగు ఉండరాదు. ఉచితంగా ఇమ్మని ఎవరినీ అడగరాదు.

2. రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకునే మహిళల ధరకంటే తక్కువకు అమ్మరాదు. వారు కూర్చునే చోట మన దుకాణం పెట్టరాదు.

3. కళ్లు విచ్చని కాయ కోయరాదు. వెదురు బుట్టల్లో అడ్డాకులు పరిచి ఇవ్వాలి. ప్లాస్టిక్ సంచులు వాడరాదు. ఏ కాయ ఏ రోజుకు పండుతుందో కొనేవారికి చెప్పాలి.

4. బుట్టలు, రవాణా ఖర్చు పోగా మిగిలినదంతా ఉమ్మడి బ్యాంకు ఖాతాలో జమ చేయాలి. ఇద్దరు మహిళా సభ్యులు, ఒక యువజన సభ్యుడు సంతకం చేస్తేనే సొమ్ము తీయాలి.

5. ఈ నిధిని సికిల్ సెల్ రోగులు, గర్భిణుల ప్రయాణానికి, తోడు వెళ్లినవారి భోజనానికి, డోలీ మోసినవారి కూలికి మాత్రమే వాడాలి. అవసరం ఉందనడానికి ఆశా కార్యకర్త మాట చాలు. తెగ, మతం, పార్టీ చూడరాదు. సాయం పొందినవారి పేరు, ఫొటో ప్రచారం చేయరాదు.

6. కొన్న ధర, అమ్మిన ధర, మిగులు ప్రతి సంత రోజూ దుకాణం ముందు బోర్డు మీద రాయాలి. కార్తీకం ముగియగానే లెక్కలు గ్రామసభల్లో చదివి వినిపించాలి.

7. ఈ నిధి ప్రభుత్వ బాధ్యతకు బదులు కాదు. గూడేలకు రోడ్లు వేయాలని, రోగులకు తోడు వచ్చే గిరిజనులకు విశాఖలో భోజన వసతి కల్పించాలని కోరుతూ తీర్మానం ప్రతిని పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏ), జిల్లా కలెక్టరుకు పంపాలి.

ప్రతిపాదించినవారు: మహిళా సంఘాల ప్రతినిధి
బలపరచినవారు: యువజన సంఘాల ప్రతినిధి

సభ్యులందరూ చేతులెత్తి ఆమోదించినందున తీర్మానం నేటి నుంచే అమల్లోకి వచ్చినది.