నెల చదువు ఒక్క రాత్రిలోనా?

ఈ వారం నా బ్యాక్‌లాగ్ కథ చెప్తాను. నవ్వకండి, మీలోనూ చాలామందికి ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు పల్లె. మా దగ్గర కొబ్బరి, జీడి తోటల పక్కనే కిడ్నీ జబ్బు కూడా కాపురం ఉంటుంది. ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నేను టెక్కలిలో డిగ్రీ సెకండియర్ చదువుతుండగా అది మా నాన్న దాకా వచ్చింది. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. అమ్మ జీడిపిక్కల పనికి పోకపోతే ఇల్లు గడవదు. అందుకని రెండు రోజులు నాన్నతో నేనే వెళ్లేదాన్ని.

పోయిన క్లాసులన్నీ రాత్రిళ్లు కూర్చుని లాగేద్దామనుకున్నాను. టీ తాగడం, రెండింటిదాకా పుస్తకం పట్టుకోవడం. మధ్యలో ‘పది నిమిషాలే’ అని రీల్స్ తెరిస్తే గంట పోయేది. అదే బ్రేక్ అనుకునేదాన్ని. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే మా ఇంటి సంగతి చెప్పాలి, జాలిపడతారు... అదొక భయం. చివరికి థర్డ్ సెమిస్టర్‌లో అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా పోయింది.

రిజల్ట్ చూసినప్పుడు నాన్న మంచం పక్కనే ఉన్నాను. ఏడుస్తూ, “ఇంక వారమంతా నిద్రపోకుండా చదివేస్తాను” అన్నాను. నాన్న మిషన్ వైపు చూపించి, “నెల్రోజులదీ ఒకేరోజు ఎక్కించెత్తే అయిపోద్దేటమ్మా? దేని రోజు దానికుంటాది” అన్నాడు. నాన్న చదివింది ఐదో తరగతే.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి మూడే.

మొదటిది, చదివే పద్ధతి. ఇరవై ఐదు నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు విరామం. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలెట్టిన పద్ధతి ఇది. అందుకే ‘పొమోడోరో’ అన్నాడు, వాళ్ల భాషలో టమాటా అని. నాన్నకి మిషన్ నడుస్తుండగా అలా నాలుగైదు విడతలు హాయిగా అయ్యేవి. ఒక్కో విడత చివర పుస్తకం మూసేసి, గుర్తున్నది కాగితం మీద రాసేదాన్ని. మళ్లీ మళ్లీ చదవడం కన్నా, చూడకుండా గుర్తు తెచ్చుకుంటేనే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు విద్యార్థులపై చేసిన ప్రయోగంలో తేలింది.

రెండోది, బ్రేక్. ఫోన్ బ్యాగులోనే ఉంచి వరండాలో నాలుగడుగులు వేయడం, నాన్నతో కబుర్లు. ఆదివారం సాయంత్రం మాత్రం పుస్తకం ముట్టకుండా సముద్రం ఒడ్డుకి పోయేదాన్ని. మొదట్లో తప్పు చేస్తున్నట్టే ఉండేది. సోమవారం బుర్ర తేలిగ్గా ఉండటం చూశాక ఆ బాధ పోయింది.

మూడోది అన్నిటికన్నా కష్టం... అడగడం. మా మ్యాథ్స్ మేడమ్ దగ్గరికి వెళ్లి “ఏమీ అర్థం కాలేదండీ” అంటే ఆవిడ మాత్రం ఎక్కడ మొదలెడతారు? అందుకే ఎక్కడ ఆగిపోయానో రాసుకెళ్లాను: “నార్మల్ సబ్‌గ్రూప్ దాకా వచ్చాను, కోషెంట్ గ్రూప్ దగ్గర ఆగిపోయాను మేడమ్.” పదిహేను నిమిషాల్లో తేల్చేశారు. తర్వాత ఇంటి సంగతి కూడా చెప్పాను. ఆవిడ జాలిపడలేదు. “ఏ రోజులు రాలేవో ముందే చెప్పు, నోట్స్ ఇప్పిస్తా” అన్నారు. అంతే! ఏడాదంతా దీనికా నేను భయపడింది అనిపించింది.

మీకు అలాంటి మేడమ్ దొరక్కపోతే సీనియర్ని అడగండి. స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితంగా వినొచ్చు. చదువు కాదు, మనసే బాగోలేదంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఏ వేళైనా ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సప్లిమెంటరీలో పాసయ్యాను. మార్కులు చెప్పుకునేంత గొప్పగా ఏమీ రాలేదు. ఇంట్లో కష్టమూ తీరిపోలేదు. నాన్న ఇప్పటికీ పలాస బస్సెక్కుతూనే ఉన్నాడు. తిరిగొచ్చాక ఎంత నీరసంగా ఉన్నా నన్నొకటి అడుగుతాడు: “నాది అయిపోనాది. ఈయేల్టి నీ వంతు అయ్యిందా?”

మరి ఈ రోజు మీ వంతు? ఇరవై ఐదు నిమిషాలు చాలు. ఫోన్ పక్కన పెట్టి మొదలెట్టండి.