పాట మనది, రికార్డు ఎవరిది?



పాటల మీద రాస్తున్న ఈ వరసలో ఇది ఐదో భాగం. ఈసారి సిద్ధాంతం తక్కువ, వైర్లూ మైకులూ ఎక్కువ. సాహిత్యం పాఠం చెప్పుకునే వాడికి ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఎందుకో చెప్తాను.

పోయిన ఏడాది మా పెద్దమ్మ పాడిన నాట్ల పాటను మా తమ్ముడు ఫోన్లో తీసి నెట్లో పెట్టాడు. నాలుగో రోజు నోటీసు వచ్చింది. ఈ పాట హక్కులు వేరేవాళ్ళవట, వీడియో ఆపేశారట. ఎవరా వేరేవాళ్ళు అని చూస్తే, అంతకు ముందు ఏడాది మా వాడకు కెమెరాతో వచ్చి, వేపచెట్టు కింద పెద్దమ్మను కూర్చోబెట్టి పాడించుకుని, చేతిలో ఐదు వందలు పెట్టి పోయిన ఒక చానల్ వాళ్ళు. ఆ పాటకు కీబోర్డు కలిపి అమ్ముకుంటున్నారు. పెద్దమ్మ పేరు అందులో ఎక్కడా లేదు.

విషయం చెప్తే పెద్దమ్మ నవ్వింది. "నా గొంతు మీద వాళ్ళకేం హక్కురా? రేపు బర్ల కాడ పాడుకున్నా నోటీసు ఇస్తరా?" అంది.

ఆమె నవ్వింది కానీ నేను నవ్వలేకపోయాను. వెళ్ళి 1957 నాటి కాపీరైట్ చట్టం తీసి చదివాను. రికార్డింగుకు చట్టం దృష్టిలో కర్త పాడిన మనిషి కాదు. ఆ రికార్డు తయారు చేయడానికి చొరవ తీసుకుని, బాధ్యత పెట్టుకున్న మనిషి కర్త. అంటే మైకు పెట్టినవాడు. ఆ హక్కు 60 ఏళ్ళు ఉంటుంది. పాడినవాళ్ళకు కూడా విడిగా హక్కు ఉంది. అది 50 ఏళ్ళు. పాడింది ఫలానా వాళ్ళని పేరు చెప్పించుకునే హక్కును 2012 సవరణలో చేర్చారు. కానీ తాతల నాటి పాటకు రాసిన మనిషి పేరు తెలియదు కాబట్టి పాటకు చట్టంలో యజమాని దొరకడు. రికార్డుకు మాత్రం వెంటనే దొరుకుతాడు. తడి పొలంలో వంగి ఆ పాటను మోసుకొచ్చిన తరాలకు కాగితం లేదు, గంటసేపు మైకు పట్టిన మనిషికి ఉంది.

ఇందులో ఇంకొక మాట కూడా ఉంది, మనవాళ్ళకు తెలియాల్సింది. వాళ్ళ హక్కు వాళ్ళ రికార్డు మీదే. పాట మీద కాదు. అదే పాటను పెద్దమ్మ మళ్ళీ పాడి మనం మళ్ళీ రికార్డు చేసుకుంటే ఎవరూ అడ్డం రాలేరు. ఈ ముక్కే రాసి జవాబు పంపాం. నెల రోజులకు వీడియో తిరిగి వచ్చింది.

ఇక నా సంగతి. ఎదుటివాళ్ళను అనడం తేలిక. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో పెద్దమ్మ పాటలు పదకొండు ఉన్నాయి. అనుబంధంలో, 'సేకరణ' అనే మాట కింద నా పేరుతో. ఆమె పేరు ఎక్కడుంది? చివర్లో 'సమాచారం ఇచ్చినవారు' జాబితాలో, వయసు, కులం, ఊరు గడులతో. పాట కట్టి పాడే మనిషిని నేనూ సమాచారంగానే మార్చాను. అప్పుడు ఫోన్లో తీసిన ఆడియోలు మెమరీ కార్డు పోవడంతో పోయాయి. పెద్దమ్మకు తోడుపాట అందుకునే ఆమె కరోనాలో చనిపోయింది. ఆమె అందుకునే తీరు ఇప్పుడు ఏ గ్రంథంలోనూ లేదు. అక్షరాలు దొరుకుతాయి, గొంతు దొరకదు. అందుకే ఈ గొడవ.

మరి ఎట్లా మొదలుపెట్టాలి? టౌన్లో స్టూడియోకు పోతే గంటకు ఇంత అంటారు, పైగా "డప్పు లైవ్ వద్దన్నా, ప్యాడ్ల మీద వేసేద్దాం" అంటారు. నా దగ్గర ఉన్నది రాజీవ్ గాంధీ ఫెలోషిప్ బకాయి ఒకేసారి వచ్చినప్పుడు, 2013లో కొన్న ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు. ఆన్ చేసి టీ పెట్టుకుని వస్తే తెరుచుకునేది. దాని మీదే మొదలుపెట్టాను. నేర్చుకున్నవి వరసగా చెప్తాను.

మొదట, కొత్త కంప్యూటర్ కొనకండి. పాత డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయించండి. పాత యంత్రానికి ప్రాణం వచ్చేది అక్కడే. రికార్డు చేసేటప్పుడు నెట్ ఆపండి, బ్రౌజర్ మూసేయండి, అప్‌డేట్లు ఆపండి.

సాఫ్ట్‌వేర్ సంగతి. ఒకరిద్దరి గొంతు తీసుకోవడానికి ఆడాసిటీ చాలు. 2000లో మొదట విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. గొంతు, డప్పు, తోడుపాట విడివిడి ట్రాకుల మీద కావాలంటే రీపర్ చూడండి. చాలా చిన్న సాఫ్ట్‌వేర్, పాత యంత్రం మీద బరువు వేయదు. 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత మనలాంటి వాళ్ళకు లైసెన్సు 60 డాలర్లు. క్రాక్ చేసిన పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోకండి. వాటితో వచ్చే వైరస్ ఒక్క రోజులో మన పాటలన్నీ తినేస్తుంది.

మూడోది, అందరూ భయపడేది: ఆలస్యం. మైకులో పాడింది హెడ్‌ఫోన్లో కొంచెం వెనక వినిపిస్తుంది, పాడేవాళ్ళు తడబడతారు. కారణం ఇది. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలు చేసి, కొన్ని ముక్కలు పోగయ్యాక ఒకసారి పని చేస్తుంది. ఆ పోగునే బఫర్ అంటారు. 256 ముక్కల బఫర్ అంటే సుమారు 6 మిల్లీసెకన్లు, 1024 అంటే సుమారు 23. బఫర్ తగ్గిస్తే ఆలస్యం తగ్గుతుంది, కానీ పాత యంత్రం ఆ వేగం అందుకోలేక చిటపటలాడుతుంది. దీనికి ఉపాయం ఉంది. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ చిన్నది ఒకటి కొనుక్కుంటే, వాటిల్లో చాలావాటికి పాడేవాళ్ళ గొంతును కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపే బటన్ ఉంటుంది. అది నొక్కి, బఫర్ 1024 పెట్టి, నిమ్మళంగా రికార్డు చేసుకోండి. మా పెద్దమ్మ అయితే హెడ్‌ఫోన్ పెట్టుకోనే పెట్టుకోదు. ఆమెకు ఆలస్యమనేదే లేదు.

మైకు. నెట్లో అందరూ కండెన్సర్ మైకు కొనమంటారు. అది నిశ్శబ్దమైన గదులున్న వాళ్ళ మాట. మన రేకుల ఇళ్ళల్లో అది పక్కింటి కుక్కర్ విజిల్‌నూ గొంతుతో సమానంగా పట్టుకుంటుంది. డైనమిక్ మైకు తీసుకుని నోటికి జానెడు దూరంలో పెట్టండి. చుట్టూ దండేల మీద బొంతలు వేయండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే, ఒక్కోసారి గుయ్యిమనే మోత కూడా పోతుంది.

డప్పుకు వేరే లెక్క. సిర్ర పడిన దెబ్బకు మీటర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. డిజిటల్‌లో సున్నా దాటితే ఆ దెబ్బ పగిలిపోతుంది, ఎవరూ బాగుచేయలేరు. మైకును ఐదారడుగుల దూరం పెట్టి, 24 బిట్ మీద, పెద్ద దెబ్బ కూడా మైనస్ 10 దగ్గర ఆగేటట్టు చూసుకోండి. చల్లారితే డప్పు వదులవుతుంది కదా, అందుకని బయట మంట ఆరనీయకండి. సెగ చూపించుకుంటూ చిన్న చిన్న ముక్కలుగా తీసుకోండి.

ఇప్పుడు అసలు మాట. సాఫ్ట్‌వేర్ తెరవగానే 120 వేగం, నాలుగు దెబ్బల లెక్క సిద్ధంగా పెట్టి ఉంటుంది. నేను మొదటిరోజు ఆ టిక్కు టిక్కు పెట్టి పెద్దమ్మను పాడమన్నాను. రెండు చరణాలకే ఆపేసింది. "ఇది ఎవని నాట్లురా? వీడు నడుం ఎత్తడా?" అని అడిగింది. నేను పదేళ్ళు చదివినా నాకు రాని మాట అది. నాట్ల పాట నడక గడియారంది కాదు, వంగి లేచే నడుముది. బురద లోతును బట్టి, కూలీల అలుపును బట్టి సాగుతుంది, కుదురుతుంది. ఆ టిక్కు ఆపేశాను. మీరూ ఆపేయండి.

అట్లాగే 'నాయిస్ తీసేయడం' అనే పని ఒకటి ఉంటుంది. రెండు క్షణాల మౌనాన్ని చూపించి, ఇలాంటిదంతా తీసేయమని చెప్తాం. కొంచెం వాడితే పర్వాలేదు. ఎక్కువ వాడితే ఊపిరి పోతుంది, డప్పు మోగాక మిగిలే గుంయ్ మనే మోత పోతుంది, గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అవుతుంది. ఏది సంగీతం, ఏది చప్పుడు అన్నది ఈ దేశంలో చెవులు నిర్ణయించలేదు, కులం నిర్ణయించింది. డప్పును వందల ఏళ్ళు చప్పుడు కిందే లెక్కగట్టారు. మనం కూడా మన చేతులతో దాన్నే తుడిచేసుకుంటే ఎట్లా? ఎడిట్ చేసినా, అసలు ఫైలును మాత్రం ముట్టుకోకుండా దాచండి.

ప్రతి రికార్డు మొదట్లో పాడే మనిషి తన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఈ పాట ఎవరెవరు వినొచ్చో తన నోటితో చెప్పాలి. రేపు ఎవరైనా నోటీసు పంపితే అదే మన కాగితం. ఎంపీ3 కాదు, వేవ్ ఫైలుగా దాచండి. ఒక గొంతుకు నిమిషానికి 8 ఎంబీ అవుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వంద గంటలకు పైనే పడతాయి. మూడు కాపీలు, మూడు ఇళ్ళల్లో. ఒకటి పాడిన వాళ్ళ ఇంట్లోనే ఉండాలి.

ఒక మిత్రుడు కోపంగా అడిగాడు: "అన్నా, వాళ్ళకు స్టూడియోలు, మనకు పాత ల్యాప్‌టాపా? పాత బట్టలు, మిగిలిన కూర ఇచ్చినట్టే కదా ఇదీ?" ఆ కోపం న్యాయమైనది. పాత యంత్రంలో గొప్పతనం ఏమీ లేదు. పేదరికాన్ని అలంకారం చేసి చూపించడం నాకూ పడదు. కానీ అంబేడ్కర్ 1920లో 'మూక్‌నాయక్' పెట్టింది మంచి ప్రెస్సు దొరికాక కాదు, మన మాట అచ్చువేసే పత్రిక వేరే లేదు కాబట్టి. గద్దర్ పాట ఊరూరా తిరిగింది కూడా ఒక టేప్ రికార్డర్ నుంచి ఇంకో టేప్ రికార్డర్‌కు కాపీ అయిన క్యాసెట్ల మీదే. స్టూడియో అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. అది వచ్చేదాకా ముసలివాళ్ళు ఆగరు.

అడగాల్సింది కూడా చెప్తాను. మా కాలేజీల స్టోర్ రూముల్లో, ల్యాబ్ మారిన ప్రతిసారీ పాత కంప్యూటర్లు పడేస్తారు. ఏళ్ళ తర్వాత తుక్కు కింద వేలం వేస్తారు. అవి ఎస్సీ హాస్టళ్ళకు ఇవ్వండి. హాస్టల్‌కు ఒక గది, నాలుగు బొంతలు, ఒక మైకు. సెలవులకు ఇంటికి పోయే ప్రతి విద్యార్థీ ఒక్క పాట తెచ్చినా ఎన్ని పాటలు నిలుస్తాయో లెక్కవేయండి. తెలుగు శాఖలు కూడా ఇకనుంచి అనుబంధాల్లో 'సమాచారం ఇచ్చినవారు' అనే గడి కొట్టేసి 'పాడినవారు' అని రాయాలి. ముందు నా గ్రంథం పుస్తకంగా వేసేటప్పుడు నేను రాస్తాను.

మొన్న పదకొండు పాటలూ అయిపోయాక పెద్దమ్మకు మొదటిసారి హెడ్‌ఫోన్ పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నది. తీసి, "ఆ రెండో పాటల ఒక మాట తప్పిన. మల్ల పెట్టు, పాడుత" అంది.

యాభై ఏళ్ళుగా పాడుతున్న మనిషికి తన పాటను తానే దిద్దుకునే వీలు ఇప్పుడు వచ్చింది. నేను బఫర్ సరిచూసుకుని, మళ్ళీ ఎర్ర బటన్ నొక్కాను.

జై భీమ్.