గడప దాటని గౌరవం

అన్ని మతాలనూ గౌరవించడం నిజమైన భారతీయుడికి చాలా ముఖ్యమని ఈ దేశంలో 84 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో హిందువుల్లో 36 శాతం మంది పక్కింట్లో ముస్లింలు ఉంటే ఒప్పుకోమన్నారు. అమెరికాకు చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019 నవంబరు నుంచి 2020 మార్చి దాకా 17 భాషల్లో 29,999 మందిని ముఖాముఖి అడిగి రాబట్టిన జవాబులివి. నివేదిక 2021 జూన్‌లో వచ్చింది. మొదటి అంకె పట్టుకుంటే మన దేశంలో మతకలహాల ఊసే ఉండదనిపిస్తుంది. రెండోది పట్టుకుంటే దేశం ఎప్పుడో ముక్కలైందనిపిస్తుంది. ఎవరి వాదానికి పనికొచ్చే అంకెను వాళ్లు ఏరుకుంటే చర్చ అక్కడితోనే ఆగిపోతుంది.

రెండూ నిజమే. గౌరవం గురించి అడిగినప్పుడు జనం మనసులో ఉన్నదే చెప్పారు, పక్కింటి గురించి అడిగినప్పుడూ మనసులో ఉన్నదే చెప్పారు. ఎదుటివాళ్ల దేవుడంటే మనలో చాలామందికి గౌరవం ఉంది, వాళ్లు మన వీధిలోకి రానంత వరకు. ఆ సర్వే బయటపెట్టిన అసలు సంగతి ఇదే. హిందువుల్లో 66 శాతం మంది, ముస్లింలలో 64 శాతం మంది తమకూ అవతలివాళ్లకూ చాలా తేడా ఉందన్నారు. హిందువుల్లో 86 శాతం మందికి దగ్గరి స్నేహితులు అందరూ, లేదా ఎక్కువమంది, హిందువులే. భారతీయులమైనందుకు ఎంతో గర్వపడుతున్నామన్న ముస్లింలు మాత్రం 95 శాతం. ఆ మాట అన్నవాళ్లకు ఇల్లు అద్దెకివ్వడానికి మన కాలనీలు వెనకాడుతున్నాయి.

అయితే ప్రతి ప్రశ్నకూ మనసులో మాటే వస్తుందని కాదు. సర్వే మనిషి ఊళ్లోకి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే జవాబుల తీరు అర్థమవుతుంది. అరుగు మీద కుర్చీ వేస్తారు, మంచినీళ్లిస్తారు. ఇంట్లో ఎవరిని అడగాలో తేల్చే లాటరీలో కోడలి పేరు వస్తే మామగారు లేచి వెళ్లరు, అక్కడే మంచం మీద కూర్చుంటారు. పక్కింటివాళ్లు గోడ మీంచి వింటుంటారు. మన ఆడపిల్లలు వేరే మతంవాళ్లను పెళ్లి చేసుకోకుండా ఆపడం ఎంత ముఖ్యం అన్న ప్రశ్న వస్తుంది. ఆ నలుగురి ముందు ఆమె చెప్పేది ఇంటి మాట. ఆమె సొంత మాట దాంట్లో ఎంత ఉందో కాగితం చెప్పలేదు.

ఈ చిక్కు పరిశోధకులకు తెలుసు. అందుకే ఒక ఉపాయం పట్టారు. కొంతమందికి నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తారు. ఇంకొంతమందికి అవే నాలుగుతో పాటు ఐదోది, పైకి ఒప్పుకోవడానికి జంకే వాక్యం, చేరుస్తారు. ఏవి నచ్చాయో చెప్పక్కర్లేదు, ఎన్ని నచ్చాయో చెబితే చాలు. రెండు గుంపుల సగటుల మధ్య తేడాను బట్టి ఐదో వాక్యాన్ని లోలోపల సమర్థించేవాళ్లు ఎంతమందో తేలుతుంది. ఎవరి గుట్టూ బయటపడదు.

ఇంత లెక్కలు అవసరం లేకుండా, ప్రశ్నను వంటింటిదాకా తీసుకెళ్లడం ఇంకో దారి. 2011-12లో నేషనల్ కౌన్సిల్ ఆఫ్ అప్లైడ్ ఎకనమిక్ రీసెర్చ్, మేరీలాండ్ విశ్వవిద్యాలయం కలిసి 42 వేలకు పైగా కుటుంబాలను సర్వే చేశాయి. మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా అని ముందు సూటిగా అడిగారు. లేదన్నవాళ్లను అక్కడితో వదల్లేదు. ఎస్సీలు మీ వంటింట్లోకి వచ్చినా, మీ గిన్నెలు వాడినా ఫర్వాలేదా అని మళ్లీ అడిగారు. రెండూ కలిపితే అంటరానితనం పాటించే కుటుంబాలు 27 శాతమని తేలింది. రెండో ప్రశ్న లేకపోతే ఆ అంకె తక్కువగానే నమోదయ్యేది, మనం సంతోషంగా అచ్చేసుకునేవాళ్లం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 10 శాతం. కారంచేడు, చుండూరు దళితుల ఊచకోతలు జరిగిన నేల మీద, టీ కొట్టు దగ్గర దళితులకు గ్లాసు వేరుగా పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచిన ఊళ్లలో, పదే శాతమా? కొంత నిజమైన మార్పే అయ్యుండొచ్చు. కొంత మాత్రం, పైకి చెబితే పరువు పోతుందని తెలిసిరావడం. దళిత ఉద్యమం దశాబ్దాల పాటు పోరాడి ఆ సిగ్గునైనా తెచ్చింది. అదేమీ చిన్న విజయం కాదు. అలాగని అంటరానితనం పోయిందనడానికి అది రుజువూ కాదు.

ప్యూ సర్వేలో దక్షిణాదివాళ్లు ముచ్చటపడే అంకె ఒకటుంది. నిజమైన భారతీయుడు కావాలంటే హిందువై ఉండడం చాలా ముఖ్యమన్న హిందువులు దేశం మొత్తం మీద 64 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసిన దక్షిణాదిలో 42 శాతమే. మంచి మాటే. కానీ జాతీయత గురించిన జవాబులో ఉదారంగా ఉన్నంత మాత్రాన పెళ్లి దగ్గర ఉదారంగా ఉంటామని కాదు. 2018లో మిర్యాలగూడలో కూతురు దళితుణ్ని పెళ్లాడిందని ఆమె తండ్రి సుపారీ ఇచ్చి, గర్భిణి అయిన ఆమె కళ్లెదుటే అల్లుణ్ని చంపించాడు. 2022లో సరూర్‌నగర్‌లో ముస్లిం యువతిని పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ని నడిరోడ్డు మీద ఆమె బంధువులే చంపారు. ఒకచోట అడ్డొచ్చింది కులం, ఇంకోచోట మతం; కాపలా మాత్రం ఒకటే. ఆడపిల్లలు వేరే మతంలో పెళ్లి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని దేశంలో హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం మంది ఎందుకన్నారో ఈ రెండు చోట్లా కనిపిస్తుంది. మిగతా విషయాల్లో విడివిడిగా ఉన్న రెండు మతాలూ ఆడపిల్లను కాపలా కాయడంలో ఏకమవుతున్నాయి. ఈ దేశంలో గుర్తింపు రాజకీయాల బరువు ఎవరి మీద పడుతోందో ఆ అంకెల్లోనే ఉంది. అయితే ప్యూ అంకెలన్నిటినీ ఒకేలా చూడలేం. తమకు ముస్లిం పొరుగు వద్దన్న జైనులు 54 శాతమన్న అంకెకు మాత్రం అంత బరువు ఇవ్వకూడదు. ఆ సర్వేలో జైనులు మొత్తం 109 మంది. అంత తక్కువమందిని అడిగితే పదేసి శాతం అటూ ఇటూ కావడం మామూలే. ఒక సమాజం మొత్తాన్ని తప్పుపట్టడానికి ఆ జవాబులు చాలవు.

మతానికి జనం ఎంత ప్రాధాన్యం ఇస్తున్నారో తెలియాలంటే ఇంకో కొలమానం కూడా చూడాలి. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు పరిశోధన సంస్థ లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ దాదాపు పదివేల మందిని, ఓటుకు ముఖ్యమైన విషయం ఏమిటని అడిగింది. నిరుద్యోగమని 27 శాతం, ధరలని 23 శాతం మంది చెబితే, రామమందిరమన్నవాళ్లు 8 శాతమే. టీవీ చర్చల్లో గుడి తీసుకున్న గంటలకూ జనం మనసులో దానికున్న చోటుకూ పొంతన లేదు.

ఎన్నికల సర్వేలు వేసేటప్పుడు ఎవరు చేశారు, ఎవరు చేయించారు, ఎంతమందిని ఎలా ఎంచుకున్నారు, తప్పు పోయే అవకాశం ఎంత అన్నవి స్పష్టంగా చెప్పాలని ప్రెస్ కౌన్సిల్ 1996లోనే పత్రికలకు మార్గదర్శకాలిచ్చింది. మతం, కులం, జాతీయత మీద వచ్చే సర్వేలకు కూడా పత్రికలు ఆ నియమాన్నే పాటించాలి. దానికి ఇంకొకటి చేర్చాలి. శాతం పక్కనే, జనాన్ని అడిగిన ప్రశ్న ఏమిటో పూర్తిగా, అదే మాటల్లో అచ్చువేయాలి.