బీరువా వెనుక గోడ



గడచిన దీపావళికి ముందు ఇల్లు శుభ్రపరచుచు, పడకగదిలో గోడకానుకొనియున్న బీరువాను మేము ముందునకు జరిపితిమి. వెనుక గోడయంతయు నల్లని చుక్కలు. లోపల మా తాతగారి తెలుగు పుస్తకముల అట్టలపై తెల్లని బూజు. ఆ గదిలో నిద్రించు మా మనుమడు చలికాలమంతయు దగ్గుచుండగా, చలిగాలియే కారణమని తలచియుంటిమి. ఆ దినమున గోడపై అనుమానము కలిగెను.

మన మారిషస్ ద్వీపమున 1960లో వీచిన ఆలిక్స్, కరోల్ తుపానుల పిమ్మట, కఱ్ఱ ఇండ్లకును రేకుల ఇండ్లకును మారుగా కాంక్రీటు ఇండ్లు విస్తారముగ వెలసినవి. అవి తుపానునకు చలింపవు, అది మేలే. కాని సందులుగల పాత ఇంటిలో గాలి తనంతట తాను తిరుగుచుండెడిది. కాంక్రీటు ఇంటిలో మనము కిటికీ తెరచిననే తిరుగును. క్యూర్‌పీప్ వంటి మెరకసీమలలో చలికిని వానకును జడిసి కిటికీలు మూయుట మనకు అలవాటు.

బూజు రేణువులు గాలియందంతటను ఉండును. గోడనంటియున్న గాలిలో తేమ నూటికి 80 పాళ్లు దాటి కొన్నాళ్లు నిలిచిన, అవి మొలకెత్తును. సిమెంటు వాటికి ఆహారము కాదు; రంగు, దుమ్ము, కాగితము, కఱ్ఱ ఆహారము. వంట ఆవిరియు, స్నానపు ఆవిరియు, మన ఊపిరియు చల్లని గోడను తాకి నీరగును. బీరువా వెనుక గాలి కదలదు, గోడ వెచ్చబడదు. కావున అచ్చటనే బూజు మొదలిడును. తడిసిన గోడయు పరుపును ఆ తేమను మరల గదిలోనికి విడుచును. ఇట్లు తడియే తడిని నిలుపును.

చెమ్మయు బూజును గల ఇండ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించినది.

బూజుపై రంగు పూయుట పుండుపై పట్టుగుడ్డ కప్పుట వంటిది. మొదట తడికి మూలము వెదకవలయును: కప్పు పగులా, కారు గొట్టమా, మూసిన కిటికీయా? తడిసిన వస్తువులను ఒకటి రెండు దినములలో ఆరబెట్టవలయును. బీరువాను గోడకు ఎడముగ నుంచవలయును. తడిబట్టలను గదిలో ఆరవేయరాదు. చిన్న మరకలను, ముక్కునకును నోటికిని మాస్కు ధరించి, సబ్బునీటితో తోమి పూర్తిగ ఆరనీయవలయును. ఉబ్బసము గలవారు ఈ పనికి పూనుకొనరాదు. బ్లీచింగు ద్రవమును వినెగరుతో గాని అమ్మోనియాతో గాని కలిపిన విషవాయువు పుట్టును. సాంబ్రాణియు కర్పూరమును వాసనను కప్పునే గాని బూజును తొలగింపవు.

మేము కప్పు పగులు పూడ్పించితిమి. ప్రతిదినము కిటికీలు తెరచుచున్నాము. మనుమని దగ్గు తగ్గినది గాని పూర్తిగ పోలేదు. వైద్యుని మందు సాగుచున్నది. తాతగారి పుస్తకములలో రెండు మాకు దక్కలేదు.

పండుగకు ముంగిట ముగ్గు పెట్టుటకు ముందు, బీరువా వెనుకకు ఒకమారు తొంగిచూడవలసినదిగా మీ అందరిని కోరుచున్నాము.