కరీం అబ్దుల్ జబ్బార్ - ఒక రికార్డు విలువ

“ప్రతి రికార్డూ ఏనాటికైనా బద్దలు కావలసిందే” అన్న మాట క్రీడాలోకంలో తరచు వినవస్తుంది. అది నిజమే. కాని ఆ నిజం వెంటనే మరొక ప్రశ్న కూడా పుడుతుంది. రికార్డు బద్దలైన మరునాడు దానిని నెలకొల్పిన వానికి మిగిలేదేమిటి? పలకమీది అంకెను తుడిచివేసినట్లు అతని కృషిని కూడా తుడిచివేయవచ్చునా?

2023 ఫిబ్రవరి 7వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో లెబ్రాన్ జేమ్స్ అనే ఆటగాడు వృత్తి బాస్కెట్‌బాల్ చరిత్రలో అత్యధిక పాయింట్ల రికార్డును అధిగమించాడు. ఆట కొంతసేపు ఆగింది. అంతవరకు ఆ రికార్డుకు అధిపతిగా వున్న వృద్ధుడు కోర్టుకు వచ్చి, బంతిని పైకెత్తి చూపి, క్రొత్త విజేత చేతికి అందించాడు. ఆ వృద్ధుడే కరీం అబ్దుల్ జబ్బార్. 1984 నుండి దాదాపు ముప్పయి తొమ్మిది సంవత్సరాలు ప్రథమ స్థానం అతనిదే. నాడు అతడు అప్పగించినది ఒక అంకెను మాత్రమే. ఆ అంకెను సాధించిన విధానం మాత్రం నేటికీ అతనిదే. దానిని విద్యార్థిలోకం ఎరుగవలసి వున్నదన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కరీం 1947 ఏప్రిల్ 16న న్యూయార్క్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫెర్డినాండ్ లూయిస్ ఆల్సిండర్. బాల్యంలోనే అసాధారణమైన ఎత్తు పెరిగాడు. చివరకు ఏడడుగుల రెండంగుళాల దగ్గర నిలిచాడు. పాఠశాల దశలోనే అతనికి ఒక అభ్యాసం అలవడింది. బుట్ట క్రింద నిలిచి, ఒకసారి కుడిచేతితో, ఒకసారి ఎడమచేతితో, మార్చి మార్చి బంతిని వేయడమే ఆ అభ్యాసం. పూర్వపు మహా క్రీడాకారుడు జార్జి మైకన్ పేరిట ప్రసిద్ధి చెందిన ఈ సాధనలో చూపరులు ముచ్చటపడేది ఏమీ లేదు. అయినా భవిష్యత్తులో కట్టిన మేడకంతటికీ పునాది అదే. పవర్ మెమోరియల్ ఉన్నత పాఠశాలలో అతడు ఆడిన జట్టు వరుసగా 71 ఆటలలో ఓటమి ఎరుగలేదు.

తరువాత లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి శిక్షకుడు జాన్ వుడెన్. ఈయన సాధన మొదటిరోజున ఆటగాళ్ళకు నేర్పే పాఠం విచిత్రంగా తోస్తుంది. మేజోళ్ళు ముడతలు లేకుండా తొడుక్కొనుట, బూట్ల త్రాళ్ళు సరిగా బిగించుకొనుట! ముడత వుంటే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే సాధన ఆగుతుంది, సాధన ఆగితే ఆట చెడుతుంది. ఇదీ ఆయన తర్కం. అట్టి గురువు వద్ద కరీం మూడు సంవత్సరాలు విశ్వవిద్యాలయపు ప్రధాన జట్టులో ఆడి 88 విజయాలు చవిచూశాడు. ఓటములు రెండు మాత్రమే. 1967, 1968, 1969 సంవత్సరాలలో జాతీయ కళాశాలల ఛాంపియన్‌షిప్ ఆ జట్టుదే అయింది.

ఈ దశలోనే ఒక చిత్రం జరిగింది. ఎత్తైన ఆటగాడు ఎగిరి బుట్ట పైనుండి బంతిని లోనికి గుద్దడాన్ని ‘డంక్’ అంటారు. 1967లో కళాశాలల పోటీలలో దానిని నిషేధించారు. ఈ నిబంధన కరీంను దృష్టిలో పెట్టుకొని చేసినదేనని ఆనాడు అనేకులు భావించారు. 1976 వరకు ఆ నిషేధం తొలగలేదు. అతడు ఆట మానలేదు, అలిగి కూర్చోలేదు. మూసిన తలుపు ముందు నిలబడక మరొక ద్వారం వెదికాడు. చిన్ననాటి సాధనలో అలవడిన కొక్కెపు విసురుకు సానపెట్టాడు. ఎడమ భుజాన్ని ప్రత్యర్థి వైపు త్రిప్పి, తన దేహాన్నే బంతికి అడ్డుగోడగా చేసి, ఎగిరి, కుడిచేతిని నిలువునా చాచి, మణికట్టు విదలింపుతో బంతిని బుట్టలోనికి జారవిడిచే ఈ విసురే జగత్ప్రసిద్ధమైన ‘స్కైహుక్’, అనగా ఆకాశపు కొక్కెం. అడ్డుకొనదలచిన వాని చేయి ఆ దేహాన్ని దాటి బంతిని అందుకొనుట దుస్సాధ్యం. ఇట్లా ఒక నిషేధమే అతని గొప్ప ఆయుధానికి పదును పెట్టింది.

1969లో మిల్వాకీ బక్స్ జట్టు అతనిని తీసుకొన్నది. అది అప్పటికి ఒక సంవత్సరం వయసున్న జట్టు. మొదటి సీజన్‌లో దాని విజయాలు 27. కరీం వచ్చిన ఏడాది అవి 56కు పెరిగాయి. 1971లో ఆ జట్టు ఛాంపియన్ అయింది. 1975లో అతడు లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టుకు మారాడు. అక్కడ 1980, 1982, 1985, 1987, 1988లలో మరి అయిదు ఛాంపియన్‌షిప్‌లు గెలుచుకొన్నాడు. సీజన్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడన్న బిరుదు అతనికి ఆరు పర్యాయాలు దక్కింది. ఇది నేటికీ ఎవరూ అందుకొనని ఘనత. 1984 ఏప్రిల్ 5న విల్ట్ చాంబర్లేన్ పేరిట వున్న 31,419 పాయింట్ల రికార్డును దాటాడు. 1989లో, 42వ ఏట, ఇరవై సీజన్లు పూర్తిచేసి విరమించిన నాటికి అతని మొత్తం 38,387 పాయింట్లు. ఆడిన ఆటలు 1,560.

ఈ పట్టికను చదివి ‘ఆహా’ అనుకొని పుట త్రిప్పివేయడం సులభం. కాని ఆ అంకెలలోనికి కొంచెం తొంగి చూడాలి. రికార్డులు రెండు విధాలు. ఒకటి మెరుపువంటిది, రెండవది దీపం వంటిది. చాంబర్లేన్ 1962 మార్చి 2న ఒకే ఆటలో 100 పాయింట్లు చేశాడు. అది మెరుపు. మరి కరీం ఒక ఆటలో చేసిన గరిష్ఠ సంఖ్య ఎంత? 55 మాత్రమే! సీజన్‌లో సగటున అందరికంటె ఎక్కువ పాయింట్లు చేసినవాడుగా నిలిచినది ఇరవై సంవత్సరాలలో రెండేసార్లు. అయినా జీవితకాలపు మొత్తంలో అందరినీ మించిపోయాడు. ఎట్లా? ఒక్కొక్క ఆటకు సగటున 24.6 పాయింట్ల చొప్పున 1,560 పర్యాయాలు తన పని తాను చేసుకొనిపోవడం వలన. 1977 డిసెంబరు నుండి 1987 డిసెంబరు వరకు వరుసగా 787 ఆటలలో ఏనాడూ పది పాయింట్లకు తగ్గలేదు. ఈ వరుసను తరువాతివారు దాటారు. కాని పది సంవత్సరాల పాటు ఒక్క ఆటలోనూ చేతులెత్తివేయకపోవడమంటే ఏమిటో పరీక్షలకు ముందు పదిరోజులు మాత్రమే పుస్తకం తెరిచే మనవంటి వారు ఆలోచించుకోవాలి.

“ఏడడుగుల మనిషికి బుట్టలో బంతి వేయడం ఒక గొప్పా?” అని కొందరు అంటారు. ఈ ఆక్షేపణకు సమాధానం 1984 నాటి ఆ రికార్డు ఆటలోనే వున్నది. నాటి ప్రత్యర్థి యూటా జాజ్ జట్టు. అందులో మార్క్ ఈటన్ అనే ఆటగాని ఎత్తు ఏడడుగుల నాలుగంగుళాలు. తనకంటె రెండంగుళాలు పొడవైన ఆ మనిషి పైనుండే కరీం ఆకాశపు కొక్కెం సాగిపోయి బుట్టలో పడింది. ఈటన్ కూడా సామాన్యుడు కాడు. ప్రత్యర్థుల బంతులను అడ్డుకొనడంలో సాటిలేనివాడు. కాని పాయింట్లు చేయడంలో అతని జీవితకాలపు సగటు ఆటకు ఆరు. ఎత్తే సర్వస్వమైతే లెక్కలు ఇట్లా వుండవు. ఎత్తు దేవుడిచ్చినది, మణికట్టులోని ఒడుపు సాధన ఇచ్చినది.

“సహచరులు గొప్పవారు కనుక గెలిచాడు” అన్నది మరొక ఆక్షేపణ. ఇందులో సత్యం లేకపోలేదు. మిల్వాకీలో ఆస్కార్ రాబర్ట్‌సన్, లాస్ ఏంజెలిస్‌లో మాజిక్ జాన్సన్ లేకుంటే ఆ ఆరు ఛాంపియన్‌షిప్‌లు వచ్చేవి కావు. 1984లో ఆ చరిత్రాత్మకమైన బంతిని అందించినవాడు కూడా మాజిక్ జాన్సనే. అయితే ఇది కరీం ఘనతను తగ్గించే విషయం కాదు. అయిదుగురి ఆటలో ఒకడు మహనీయుడు కావాలంటే తక్కిన నలుగురూ అతనిని నమ్మాలి. ఆ నమ్మకం కూడా సంపాదించుకొనవలసినదే.

అతనిలో లోపాలు లేవని చెప్పడం సత్యదూరం. కోపం అతని శత్రువు. 1974లో కంటికి దెబ్బ తగిలిన ఆవేశంతో బుట్ట స్తంభాన్ని పిడికిలితో గుద్ది చేయి విరుగగొట్టుకొని 16 ఆటలకు దూరమయ్యాడు. ఆ సీజన్‌లో మిల్వాకీ జట్టు తుది దశ పోటీలకు అర్హత సైతం పొందలేకపోయింది. 1977లో తనను మోచేతితో పొడిచిన ప్రత్యర్థిని కొట్టి మరల చేయి విరుగగొట్టుకొన్నాడు. ఈసారి పోయినవి 20 ఆటలు. ఇరవై సంవత్సరాల సహనంతో సంపాదించిన కీర్తికి ఒక్క క్షణపు ఆవేశం ఎంత నష్టం తేగలదో దీనివలన తెలుస్తున్నది. ఆ చేయి మానిన కొద్దికాలానికే పైన చెప్పిన 787 ఆటల వరుస ప్రారంభం కావడం గమనింపదగినది. తప్పు చేయనివాడు లోకంలో లేడు. తప్పు తరువాత ఏమి చేశాడన్నదే మనిషికి గీటురాయి.

ఇందుకు 1985 నాటి ఫైనల్స్ చక్కని నిదర్శనం. మే 27న మొదటి ఆటలో బోస్టన్ సెల్టిక్స్ జట్టు లేకర్స్‌ను 148-114 తేడాతో చిత్తుచేసింది. కరీం చేసినవి 12 పాయింట్లే. 38 ఏండ్లవాడు, ఇక పని అయిపోయిందన్నారు. మూడు దినాల తరువాత రెండవ ఆటలో అతడు 30 పాయింట్లు చేసి, బుట్ట తగిలి మరలిన బంతులను 17 పర్యాయాలు చేజిక్కించుకొన్నాడు. లేకర్స్ 4-2తో గెలిచింది. ఫైనల్స్‌లో ఆ జట్టు సెల్టిక్స్‌ను ఓడించడం అదే మొదటిసారి. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడుగా కరీం ఎన్నికయ్యాడు. 1971లో ఆ గౌరవం పొందినవాడే పదునాలుగు సంవత్సరాల తరువాత మరల పొందాడు! విమర్శకు నోటితో కాక పనితో సమాధానం చెప్పడమంటే ఇదే.

అంతకాలం ఆడగలగడానికి గల కారణాలలో ఒకటి మన దేశానికి గర్వకారణమైనది. అతడు యోగాభ్యాసం చేసేవాడు. తన కీళ్ళను, కండరాలను కాపాడినది ఆ యోగాసనాలేనని స్వయంగా చెప్పాడు. మన పెద్దలు ఇచ్చిన విద్యను అమెరికా క్రీడాకారుడు అభ్యసించి ఫలితం పొందగా, మనం దానిని ఎంతవరకు ఆదరిస్తున్నామో ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

కోర్టు వెలుపలి జీవితం కూడా గమనింపదగినదే. విద్యార్థిగా వుండగానే 1968లో ఇస్లాం స్వీకరించాడు. 1971లో ఛాంపియన్‌షిప్ గెలిచిన వెంటనే కరీం అబ్దుల్ జబ్బార్ అన్న పేరును బహిరంగంగా ధరించాడు. ఉర్దూ, అరబ్బీ పరిచయమున్న మన విద్యార్థులకు ఆ పేరులోని భావం చెప్పనవసరం లేదు. ఉదారుడు, సర్వశక్తిమంతుని సేవకుడు అన్న రెండు అర్థాలూ అందులో వున్నవి. ప్రఖ్యాతమైన పేరును విడిచి క్రొత్త పేరుతో నిలబడడానికి ధైర్యం కావాలి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు పోకుండా, నల్లజాతివారికి జరుగుతున్న అన్యాయానికి నిరసన తెలిపి, ఆ వేసవిలో న్యూయార్క్‌లోని పిల్లలకు ఆట నేర్పాడు. చరిత్ర విషయంగా పట్టా పుచ్చుకొన్నాడు. 1983లో ఆత్మకథ ప్రకటించాడు. నల్లజాతి వీరుల చరిత్రపై 1996లో గ్రంథం వెలువరించాడు. 2016లో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా అతనికి ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారాన్ని ప్రదానం చేశాడు. బంతి పట్టిన చేయి కలం పట్టలేదన్న అపోహకు ఇంతకంటె సమాధానం ఏమి కావాలి?

ఈ సందర్భంగా కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. క్రీడల విలువను అల్మారాలోని కప్పుల సంఖ్యతో మాత్రమే లెక్కించరాదు. పోటీలకు ముందు మూడు వారాలు కాక, సంవత్సరం పొడవునా నియమిత కాలంలో సాధన సాగే ఏర్పాటు అవసరం. బహుమతి ప్రదానంలో గెలిచినవానితోపాటు సంవత్సరమంతా ఒక్కరోజు తప్పక సాధనకు వచ్చినవానిని కూడా పిలిచి గౌరవించడం న్యాయం. ఆటగానికి గ్రంథాలయం, చదువరికి క్రీడాస్థలం పరాయివి కాకుండా చూడడం అంతకంటె ముఖ్యం. ఇందుకు ధనం కంటె దృష్టి ఎక్కువ కావాలి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మనలో ఏడడుగుల ఎత్తువారు వుండకపోవచ్చు. 38,387 అన్న అంకెను మనలో ఎవరూ చేరలేకపోవచ్చు. కాని బుట్ట క్రింద నిలబడి, చూసేవారు ఎవరూ లేనప్పుడు, కుడిచేతితో ఒకసారి, ఎడమచేతితో ఒకసారి బంతి వేసిన ఆ పిల్లవాని పట్టుదల మనకు అందరానిది కాదు. లెక్కల పుస్తకం ముందైనా, ఆటస్థలంలోనైనా ఆ పట్టుదలే మనకు తోడుగా నిలుస్తుంది. రికార్డు ఒకరి చేతినుండి మరొకరి చేతికి పోతుంది. సాధన మాత్రం చేసినవాని సొత్తుగా వుండిపోతుంది.